ఆపరేషన్‌కు ముందు ఒక గంట: కలిసి కూర్చుందాం, కలిసి తెలుసుకుందాం



"క్యాన్సర్ గడ్డ ఉంది, ఆపరేషన్ చేయాలి" అని డాక్టరు గారు చెప్పిన తరువాత రోగి చెవికి ఇంకేమీ ఎక్కదు. డాక్టరు గారు ఎంత ఓపికగా వివరించినా, బయటికి వచ్చాక "ఏం చెప్పినారు?" అని అడిగితే "ఏమో, కోయాలంట" అనే మాట ఒక్కటే వస్తుంది. జబ్బు పేరు, కోత అనే మాట ఒకే రోజు విన్న మనిషికి ఇది సహజం. చదువుకున్నవారైనా, చదువు లేనివారైనా ఇందులో తేడా ఉండదు.

మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల వారికి ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. పెద్ద క్యాన్సర్ ఆపరేషన్ అంటే చాలామంది ఊరు దాటి పోవలసి వస్తుంది. కొందరు రైలెక్కి బెంగళూరులో 1973లో ఏర్పడిన కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి వెళతారు. కొందరు ధర్మవరం నుంచి పాకాల మార్గంలో తిరుపతికి గానీ, వేలూరు సి.ఎం.సి.కి గానీ పోతారు. తిరుపతిలో 2022లో శ్రీ వెంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి ప్రారంభమైంది. మరికొందరు హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికి వెళతారు. ఊరు కొత్త, భాష కొత్త, ఆసుపత్రిలో దారులు కొత్త. అప్పటికే ఉన్న భయానికి ఇవన్నీ తోడవుతాయి.

ఈ భయాన్ని తగ్గించి, ఆపరేషన్ తరువాత త్వరగా కోలుకోవడానికి తోడ్పడే ఒక పద్ధతి ఉంది. దానికి మందు బిళ్ల అవసరం లేదు, సూది అవసరం లేదు. ఆపరేషన్‌కు ముందు రోగులను, వారి ఇంటివారిని ఒకచోట కూర్చోబెట్టి జరగబోయేదంతా విడమరచి చెప్పడమే ఆ పద్ధతి. సర్జరీ వార్డులో ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న నర్సుగా దీని గురించి మీకు తెలియజేయాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ బోధన ఎలా జరుగుతుంది?

ఒకే రకమైన ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న ఎనిమిది, పదిమందిని ఒకచోట కూర్చోబెడతారు. రొమ్ము ఆపరేషన్ వారు ఒక గుంపు, నోరు, గొంతు ఆపరేషన్ వారు ఒక గుంపు, గర్భసంచి ఆపరేషన్ వారు ఒక గుంపు, కడుపు, పేగుల ఆపరేషన్ వారు మరొక గుంపు. ప్రతి రోగి వెంట ఇంటి మనిషి ఒకరు ఉంటారు. నర్సు సుమారు ఒక గంటసేపు మాట్లాడుతుంది. వీలైతే వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు, మత్తు డాక్టరు కూడా వస్తారు. గోడకు బొమ్మల పటం తగిలిస్తారు. గొట్టాలు, సంచులు, ఊపిరి పరికరం చేతికిచ్చి చూడమంటారు. చివర్లో "ఇప్పుడు మీరు నాకు చెప్పండి, ఆపరేషన్ రోజు పొద్దున ఏం చేస్తారు?" అని రోగుల చేతనే తిరిగి చెప్పిస్తారు. "అర్థమైందా?" అని అడిగితే అందరూ తల ఊపుతారు. తిరిగి చెప్పిస్తేనే అర్థమైందో లేదో తెలుస్తుంది.

అన్ని ఆసుపత్రుల్లోనూ ఇలా గుంపుగా చెప్పే ఏర్పాటు ఉండదు. కొన్నిచోట్ల ఒక్కొక్కరికే చెబుతారు. కొన్నిచోట్ల రద్దీ వల్ల ఒక కాగితం చేతికిస్తారు. ఏది ఉన్నా, లేకపోయినా, మీరు అడగవచ్చు. అడగడం తప్పు కాదు.

గుంపుగా ఎందుకు?

మొదటి సంగతి, ఒకరు అడిగిన ప్రశ్న పదిమందికి పనికి వస్తుంది. డాక్టరు గారి గదిలో సిగ్గుపడి నోరు విప్పని స్త్రీలు, తమవంటి స్త్రీల మధ్య కూర్చుంటే మెల్లగా మాట్లాడతారు. గుంపులో ఒక పెద్దావిడ "మళ్లీ మగ్గం పనికి పోవచ్చునా?" అని అడిగితే, మిగతావారు కూడా తల ఎత్తి వింటారు. వారి మనసులోనూ అదే ప్రశ్న ఉంటుంది కదా!

రెండవది, "ఈ జబ్బు నాకొక్కదానికే వచ్చింది, నేనేం పాపం చేశానో" అనే బాధ తగ్గుతుంది. పక్కన రైతు కూర్చుంటాడు, టీచరమ్మ కూర్చుంటుంది, పట్టుగూళ్ల వ్యాపారి కూర్చుంటాడు. జబ్బు కులమతాలను, పేద గొప్పలను చూసి రాదని కళ్లకు కనిపిస్తుంది.

మూడవది, ఇంటి మనిషి కూడా అదే మాట వింటాడు. ఆపరేషన్ తరువాత రోగి లేచి నడవబోతే "వద్దు వద్దు, కుట్లు ఊడిపోతాయి" అని మంచానికి పట్టి ఉంచేది సాధారణంగా ఇంటివారే. ప్రేమతోనే చేస్తారు. కానీ నడవడం ఎంత అవసరమో ముందే విన్నవారు చేయి పట్టుకుని నడిపిస్తారు.

నాలుగవది, గుంపులో కలిసినవారు వార్డులో పక్క పక్క మంచాలవారవుతారు. "ఊపిరి కసరత్తు చేసినావా అక్కా?" అని ఒకరినొకరు గుర్తు చేసుకుంటారు. రాత్రి పన్నెండు గంటలకు నర్సు వేరే రోగి దగ్గర ఉన్నా, ఆ పక్క మంచం మాట పనిచేస్తుంది.

ఐదవది, అదే ఆపరేషన్ అయి బాగున్నవారు ఒకరు వచ్చి కూర్చుంటే నేను గంటసేపు చెప్పిన దానికన్నా వారిని చూడడమే ఎక్కువ ధైర్యమిస్తుంది. అమెరికాలో టెరీస్ లాసర్ అనే స్త్రీకి 1952లో రొమ్ము ఆపరేషన్ అయింది. తనకు చెప్పేవారు లేక పడిన కష్టం ఇంకొకరు పడకూడదని ఆమె అప్పటినుండి ఇతర రోగుల మంచాల వద్దకు వెళ్లి మాట్లాడసాగింది. ఆమె మొదలుపెట్టిన పని తరువాత అనేక దేశాలకు వ్యాపించింది. మన ఊర్లలో కూడా ఇటువంటివారు ఉన్నారు. అయితే బయటికి చెప్పుకోరు.

ఇది కేవలం ఓదార్పు మాటేనా?

కాదు. దీనిమీద పరిశోధనలు జరిగాయి. 1964లో అమెరికాలోని బోస్టన్ నగరంలో కడుపు ఆపరేషన్లు చేయించుకున్న 97 మంది రోగులతో ఒక పరిశోధన జరిగింది. కొందరికి మత్తు డాక్టరు ముందు రోజే వచ్చి, నొప్పి ఎక్కడ ఉంటుంది, ఎంతకాలం ఉంటుంది, కండరాలను ఎలా వదులు చేయాలి, మంచంలో ఎలా పక్కకు తిరగాలి అని చెప్పారు. మిగతావారికి అలా చెప్పలేదు. ముందే తెలుసుకున్నవారికి బలమైన నొప్పి మందు దాదాపు సగమే అవసరమైంది. సగటున 2.7 రోజులు ముందుగా ఇంటికి వెళ్లారు. ఎవరికి ముందుగా చెప్పారో ఆపరేషన్ చేసిన సర్జన్లకు తెలియదు. కాబట్టి వారి పక్షపాతం ఇందులో లేదు.

2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో పై కడుపు పెద్ద ఆపరేషన్లకు సిద్ధమైన 441 మందితో మరొక పరిశోధన వెలువడింది. అందరికీ ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. సగం మందికి మాత్రం ఫిజియోథెరపిస్టు ఆపరేషన్‌కు ముందు అరగంట కూర్చుని ఊపిరి వ్యాయామం నేర్పించారు. పుస్తకం మాత్రమే అందినవారిలో నూటికి 27 మందికి ఊపిరితిత్తుల ఇబ్బందులు వచ్చాయి. అరగంట నేర్చుకున్నవారిలో నూటికి 12 మందికే వచ్చాయి. ఒక్క అరగంట మాటకు ఇంత ఫలితం!

ఈ రెండు పరిశోధనల్లోనూ ఒక్కొక్కరికి విడిగా చెప్పారు. అదే విషయాన్ని గుంపుగా చెప్పే పద్ధతి బ్రిటన్ వంటి దేశాల్లోని కొన్ని ఆసుపత్రుల్లో 'సర్జరీ స్కూల్' అనే పేరుతో నడుస్తోంది. నర్సులు తక్కువ, రోగులు ఎక్కువ ఉండే మన ఆసుపత్రులకు గుంపు పద్ధతి మరింత అనుకూలం. పదిమందికి విడివిడిగా చెప్పడానికి పది గంటలు కావాలి. ఆ పది గంటలు ఎవరికీ దొరకవు గనుక చివరకు ఎవరికీ చెప్పకుండా పోతుంది.

ఆ గంటలో నేర్పే ముఖ్య విషయాలు

1. ఊపిరి వ్యాయామం: మత్తు ఇచ్చినప్పుడు, ఆ తరువాత నొప్పికి భయపడి చిన్న చిన్న ఊపిరి తీసినప్పుడు, ఊపిరితిత్తుల అడుగు భాగంలో గాలి చేరదు. అక్కడ కఫం నిలిచి నిమ్ముకు దారి తీస్తుంది. అందుకే ముక్కుతో నిదానంగా లోతుగా ఊపిరి పీల్చి, కొంచెం ఆపి, నోటితో నెమ్మదిగా వదలాలి. ఇలా పదిసార్లు. మెలకువగా ఉన్నంతసేపు గంటకొకసారి చేయాలి. మూడు బంతుల పరికరం ఇస్తే దానిని పీల్చాలి, ఊదకూడదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఇంటి దగ్గరే అలవాటు చేసుకుంటే ఆపరేషన్ తరువాత కష్టం ఉండదు.

2. దగ్గడం: కడుపు మీద కోత ఉన్నవారు చిన్న దిండునో, మడిచిన దుప్పటినో కోత మీద రెండు చేతులతో గట్టిగా ఆనించి దగ్గాలి. కుట్లు ఊడవు. నొప్పి కూడా తగ్గుతుంది.

3. పొగాకు: బీడీ, సిగరెట్ తాగేవారు ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు మానేస్తే ఊపిరితిత్తుల ఇబ్బందులు, గాయం మానకపోవడం వంటి ప్రమాదాలు తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలియజేసింది. నాలుగు వారాలు గడువు లేకపోతే ఈ రోజే మానండి. మానిన ప్రతి రోజూ లాభమే. గుట్కా, ఖైనీ, ఆకు వక్కలో పొగాకు వేసుకునేవారికి కూడా ఇదే మాట.

4. మందులు: షుగరు, బి.పి., గుండె జబ్బు మందులు, రక్తం పలుచబరిచే బిళ్లలు ఏవి వాడుతున్నారో తప్పక చెప్పండి. నాటు మందు, ఆకు పసరు, లేహ్యం వాడుతుంటే అది కూడా దాచకండి. ఎవరూ తిట్టరు. కొన్ని మందులు రక్తం ఎక్కువగా పోయేలా చేస్తాయి గనుక అడుగుతారు. ఏ మందు ఆపాలో, ఏది ఆపకూడదో డాక్టరు గారే చెబుతారు. మీ అంతట మీరు ఆపవద్దు.

5. పరగడుపు: మత్తులో కడుపులోని ఆహారం పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. అందుకే సాధారణంగా ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు నుంచి ఆహారం, రెండు గంటల ముందు నుంచి నీళ్లు కూడా మానమంటారు. మీ డాక్టరు గారు ఇంకా ఎక్కువ సమయం చెబితే అదే పాటించండి. పాలు, పాలు కలిపిన టీ, మజ్జిగ, రాగి గంజి ఇవన్నీ ఆహారం కిందకే వస్తాయి. "పాపం, నీరసంగా ఉంది" అని ఇంటివారు తెల్లవారుజామున కాఫీ పోస్తే ఆపరేషన్ వాయిదా పడుతుంది.

6. శుభ్రత: ముందు రోజు, ఆ రోజు పొద్దున సబ్బుతో స్నానం చేయాలి. కోత పడే చోట ఇంట్లో బ్లేడుతో గీసుకోవద్దు. కంటికి కనపడని చిన్న గాట్లు పడి చీము పట్టే అవకాశం పెరుగుతుంది. అవసరమైతే ఆసుపత్రిలోనే వెంట్రుకలు కత్తిరిస్తారు. గోళ్ల రంగు తీసివేయాలి. వేలికి పెట్టే పరికరం రక్తంలోని ఆక్సిజన్‌ను చూడడానికి అది అడ్డు రావచ్చు.

7. తాళి, మెట్టెలు: ఇది చాలామంది స్త్రీలు లోపల కుమిలిపోయే విషయం. ఆపరేషన్ గదిలో రక్తం ఆపడానికి కరెంటు పరికరం వాడతారు. ఒంటిమీద లోహం ఉంటే చర్మం కాలే ప్రమాదం ఉంటుంది. వాపు వస్తే ఉంగరాలు, మెట్టెలు బిగుసుకుంటాయి. అందుకే తీయమంటారు గానీ మీ నమ్మకాన్ని కించపరచడానికి కాదు. తాళి తీసి ఇంటివారి చేతికిచ్చి, దాని బదులు పసుపు దారం కట్టుకుంటానని నర్సును అడగండి. ఈ సంగతి ముందే తెలిస్తే ఆపరేషన్ గది తలుపు దగ్గర ఏడ్వవలసిన పని ఉండదు.

8. గొట్టాలు: మెలకువ వచ్చేసరికి చేతికి సెలైను, మూత్రానికి గొట్టం, గాయం పక్కన చెడు నీరు పోయే డ్రెయిన్ గొట్టం, కొందరికి ముక్కులో గొట్టం ఉంటాయి. తెలియనివారు వీటిని చూసి "నా పని అయిపోయింది" అనుకుంటారు. తెలిసినవారు "సిస్టర్ చూపించింది ఇదే కదా" అనుకుంటారు. ఇవన్నీ ఒక్కొక్కటిగా తీసేస్తారు. మీరు లాగవద్దు.

9. నొప్పి: నొప్పిని ఓర్చుకోవడం గొప్ప కాదు. నొప్పితో కదలని మనిషికి కఫం పడుతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. నర్సులు సున్నా నుంచి పది వరకు అంకె చెప్పమంటారు. అంకెలు తోచనివారిని నేను "రూపాయి నొప్పి అనుకుంటే ఇప్పుడు ఎంత ఉంది? పావలానా, అర్ధ రూపాయా, ముప్పావలానా?" అని అడుగుతాను. మా అవ్వలు వెంటనే చెబుతారు. అర్ధ రూపాయి దాటకముందే మందు అడగండి.

10. నడక: డాక్టరు గారు అనుమతించిన వెంటనే, చాలా ఆపరేషన్లకు మరుసటి రోజే, మంచం దిగి నాలుగు అడుగులు వేయాలి. మొదట పక్కకు తిరిగి, కాళ్లు కిందికి వేలాడదీసి, కొంచెంసేపు కూర్చుని, ఆ తరువాత లేవాలి. ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి.

ఆపరేషన్‌ను బట్టి ప్రత్యేక విషయాలు

రొమ్ము ఆపరేషన్ వారికి భుజం పట్టేయకుండా చేతి వ్యాయామాలు నేర్పుతారు. మొదటి రోజుల్లో పిడికిలి మూసి తెరవడం, మోచేయి ముడవడం, తల దువ్వుకోవడం వంటివి. డ్రెయిన్ తీసిన తరువాత గోడమీద వేళ్లతో పైకి పాకించడం వంటివి. మగ్గం పని చేసేవారు, కండెలు చుట్టేవారు, శనక్కాయలు వొలిచేవారు తమ పని ఏమిటో తప్పక చెప్పండి. ఏ పనికి ఎప్పుడు పోవచ్చో దానిని బట్టి చెబుతారు. ఆ వైపు చేతికి కాలిన గాయాలు, గాట్లు పడకుండా చూసుకోవాలి. వాపు వస్తే వెంటనే చూపించాలి.

పేగుల ఆపరేషన్‌లో కొందరికి మలం కడుపు మీదుగా సంచిలోకి వచ్చేలా దారి పెడతారు. కొందరికి అది తాత్కాలికం, కొందరికి శాశ్వతం. ఆ దారి ఎక్కడ పెట్టాలో ఆపరేషన్‌కు ముందే మిమ్మల్ని కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని చూసి పెన్నుతో గుర్తు పెడతారు. అప్పుడు మీరు పావడా బొందు ఎక్కడ కడతారో, పంచె ముడి ఎక్కడ వస్తుందో చూపించండి. సరిగ్గా ఆ ముడి కిందే సంచి వస్తే రోజూ ఇబ్బందే. ఇది మీరు చెబితేనే డాక్టరు గారికి తెలుస్తుంది.

స్వరపేటిక పూర్తిగా తీసివేయవలసిన వారికి సహజమైన గొంతు ఉండదు. ఈ మాట ముందే తెలియాలి. మెలకువ వచ్చాక తెలియడం చాలా బాధాకరం. అయితే మాట్లాడే దారులు ఉన్నాయి. గొంతుకు ఆనించే పరికరం ఉంది, లోపల అమర్చే చిన్న కవాటం ఉంది. బెంగళూరుకు చెందిన క్యాన్సర్ సర్జన్ డాక్టర్ విశాల్ రావు పేదలకు అందేలా సుమారు 50 రూపాయలకే ఇటువంటి కవాటాన్ని రూపొందించారు. ఆపరేషన్ అయిన మొదటి రోజుల కోసం పలక బలపమో, బొమ్మల కాగితమో వెంట తీసుకుపోవాలి. రాయడం రానివారు ఇంటివారితో కలిసి చేతి సైగలు ముందే అనుకోవాలి: నీళ్లకు ఒకటి, నొప్పికి ఒకటి, కఫం తీయడానికి ఒకటి.

"కత్తి పడితే జబ్బు పాకుతుందంట కదా?"

దాదాపు ప్రతి గుంపులోనూ ఈ ప్రశ్న వస్తుంది. ఎవరూ అడగకపోతే నేనే అడుగుతాను. ఎందుకంటే ఈ నమ్మకం వల్లే ఎంతోమంది ఆపరేషన్ తేదీ తీసుకుని మళ్లీ ఆసుపత్రి ముఖం చూడరు. ఆరు నెలల తరువాత వచ్చేసరికి చేయగలిగింది తక్కువ.

ఈ నమ్మకం ఎలా పుట్టింది? గతంలో స్కానింగులు లేని రోజుల్లో చాలామంది జబ్బు బాగా ముదిరాక వచ్చేవారు. కడుపు తెరిచి చూస్తే అప్పటికే అంతటా వ్యాపించి ఉండేది. మూసి కుట్టేసేవారు. కొద్ది నెలల్లో రోగి చనిపోయేవాడు. చూసినవారు "కత్తి పెట్టినందుకే పాకింది" అనుకున్నారు. నిజానికి అది పాకిన తరువాతే కత్తి పడింది. గాలి తగిలితే క్యాన్సర్ పెరగదు. గడ్డ ఒకేచోట ఉన్న దశలో చుట్టూ కొంత మంచి కండతో సహా తీసివేయడమే చాలా రకాల క్యాన్సర్లకు ముఖ్యమైన వైద్యం. కొందరికి ఆపరేషన్ తరువాత కూడా జబ్బు తిరిగి రావచ్చు. దానిని కూడా మేము దాచము. అందుకే చెప్పిన తేదీలకు తప్పక పరీక్షకు రావాలి.

గుంపులో చెప్పనివి

మీ గడ్డ ఏ దశలో ఉంది, మీ స్కానింగులో ఏం కనిపించింది, ఎంతకాలం బతుకుతారు అనేవి పదిమంది ముందు చెప్పే మాటలు కావు. అవి మీతో, మీరు కోరిన ఇంటి మనిషితో డాక్టరు గారు విడిగా మాట్లాడే విషయాలు. భార్యాభర్తల సంబంధం, పిల్లలు కలగడం గురించిన సందేహాలు కూడా విడిగా అడగవచ్చు. రొమ్ము, గర్భసంచి ఆపరేషన్ల గుంపులో ఆడవారే ఉంటారు. గుంపులో ఒకరి గురించి విన్నది ఊర్లోకి తీసుకుపోకూడదు. ఈ మాట మొదటే అందరిచేత ఒప్పిస్తాము. అందరి మధ్య కూర్చోవడం ఇష్టం లేనివారికి బలవంతం లేదు.

"అమ్మకు చెప్పొద్దు సిస్టరమ్మా"

ఈ బోధనకు అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఇదే. ఇంటివారికి జబ్బు పేరు తెలుసు. రోగికి చెప్పరు. "చిన్న గడ్డ, తీసేస్తారు" అంటారు. క్యాన్సర్ గుంపులో కూర్చోబెడితే తెలిసిపోతుందని ఆమెను పంపరు. దానితో ఊపిరి వ్యాయామం, నడక, గొట్టాల సంగతి ఏదీ ఆమెకు చేరదు. ఎవరికి అవసరమో వారికి తప్ప అందరికీ తెలుస్తుంది.

ఒక కొడుకు నన్ను ఇలాగే బతిమాలాడు: "అమ్మ తట్టుకోలేదు, చెప్పొద్దు." అదే సాయంత్రం డ్రస్సింగ్ వేళ ఆ తల్లి నా చేయి పట్టుకుని, "నాకు తెలుసు సిస్టరమ్మా. మా వాడికి మాత్రం చెప్పొద్దు, వాడు తట్టుకోలేడు" అన్నది. ఇద్దరూ ఒకరికొకరు దాచుకుని, ఒంటరిగా ఏడుస్తున్నారు.

ఆలోచించండి. ఆసుపత్రి బోర్డు మీద క్యాన్సర్ అని రాసి ఉంటుంది. పక్క మంచం ఆవిడ "నీకు ఏ చోట?" అని అడుగుతుంది. అనుమతి పత్రం మీద స్పృహలో ఉన్న పెద్ద మనిషి ఎవరైనా తామే సంతకమో, వేలిముద్రో పెట్టాలి. ఏం చేస్తారో తెలియకుండా పెట్టిన వేలిముద్రకు విలువ ఏముంది? దాచడం సాధ్యం కాదు. పరాయివారి నోట వినడం కన్నా మీ నోట వినడం మేలు.

అలాగని మొత్తం ఒకేసారి మీద పడేయనవసరం లేదు. మొదట "నీ జబ్బు గురించి నీకేమి తెలుసమ్మా? ఇంకా తెలుసుకోవాలని ఉందా?" అని అడగండి. వారు కోరినంత చెప్పండి. కొందరు "నాకు వద్దు, నా కొడుక్కి చెప్పండి" అంటారు. అది కూడా వారి హక్కే. అటువంటివారికి జబ్బు మాట ఎత్తకుండా, ఊపిరి పీల్చడం, దగ్గడం, నడవడం మేము విడిగా నేర్పుతాము. మీకు చెప్పడం కష్టంగా ఉంటే డాక్టరును గానీ, నర్సును గానీ పక్కన కూర్చోమని అడగండి.

ఊరి నుంచి బయలుదేరే ముందు

మీ పాత రిపోర్టులు, బయాప్సీ కాగితం, వాడే మందుల చీటీలు ఒకే సంచిలో పెట్టుకోండి. ఆధార్, రేషన్ కార్డు తీసుకోండి. మన అనంతపురం జిల్లా 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాల్లో ఒకటి. 2022లో మన మూడు ఊర్లు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. ఇది పొరుగు రాష్ట్రాల్లోని అన్ని ఆసుపత్రుల్లోనూ వర్తించదు. మీ ఆశా కార్యకర్తను గానీ, ఆసుపత్రిలోని పథకం సహాయ కేంద్రాన్ని గానీ ముందే అడిగి బయలుదేరండి. రక్తం ఇవ్వడానికి ఇంటివారిలో ఆరోగ్యంగా ఉన్నవారు ఒకరిద్దరు సిద్ధంగా ఉండాలి.

భాష గురించి మొహమాటపడవద్దు. హిందూపురం వైపువారికి కన్నడం వస్తుంది కానీ ధర్మవరం వైపు చాలామందికి రాదు. వేలూరులో తమిళం. "తెలుగు తెలిసిన సిస్టర్ ఉన్నారా? ఉర్దూ తెలిసినవారు ఉన్నారా?" అని అడగండి. సగం అర్థమై తల ఊపడం కన్నా రెండుసార్లు అడగడం మంచిది.

ఈ ప్రశ్నలను ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి:

• నాకు ఏ ఆపరేషన్ చేస్తారు? ఏ భాగం తీస్తారు?
• ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉండాలి?
• ఏ గొట్టాలు ఉంటాయి? ఎప్పుడు తీస్తారు?
• ఎప్పుడు నీళ్లు తాగవచ్చు, ఎప్పుడు అన్నం తినవచ్చు?
• నా పనికి మళ్లీ ఎప్పుడు పోవచ్చు?
• తరువాత కరెంటు వైద్యం, కీమో అవసరమా?
• ఇంటికి పోయాక జ్వరం, చీము, రక్తం కనిపిస్తే ఎవరికి చెప్పాలి?

చివరి మాట

ముందుగా తెలుసుకున్నంత మాత్రాన జబ్బు పోదు. భయం కూడా పూర్తిగా పోదు. కానీ ఏం జరుగుతుందో తెలియని భయం వేరు, తెలిసి ఎదుర్కొనే భయం వేరు. మొదటి దానిలో మనిషి పారిపోతాడు. రెండవ దానిలో లేచి నాలుగు అడుగులు వేస్తాడు.

మీరు వెళ్లిన ఆసుపత్రిలో ఇటువంటి బోధన లేకపోతే, వార్డులో అదే ఆపరేషన్‌కు ఎదురు చూస్తున్న ముగ్గురు నలుగురు కలిసి నర్సును పిలవండి. "సిస్టర్, ఆపరేషన్ గురించి మాకు అర్థమయ్యేలా కొంచెంసేపు చెప్పండి" అని అడగండి. నలుగురు కలిసి అడిగితే ఏ నర్సూ కాదనదు. ఇంతకు ముందే ఆపరేషన్ అయి బాగున్న పాఠకులు మీలో ఉంటే, మీ వీధిలో ఎవరికైనా తేదీ ఇచ్చారని విన్నప్పుడు వెళ్లి పది నిమిషాలు వారి దగ్గర కూర్చోండి. పండ్లు తీసుకుపోకపోయినా ఫరవాలేదు. మీరు నడిచి వెళ్లి తలుపు తట్టడమే వారికి కావలసిన మొదటి పాఠం.